చీకటి కొండపై నక్షత్ర ఛాయాగ్రహణము

నక్షత్రములను చూచుటకు మన కన్ను చాలును. కాని ఆకాశమున అక్కడక్కడ గుంపులు కట్టియున్న నక్షత్ర గుచ్ఛములను, పలుచని పొగవలె వ్యాపించియున్న నీహారికలను చక్కగా చూడవలెనన్నచో కంటితో తీరదు. కంటికి ఒక లోపమున్నది. అది వచ్చిన వెలుగును వచ్చినట్లే వ్యయము చేయునే గాని కూడబెట్టదు. సెకండులో ఏ పదవ వంతు కాలములోనో తనను చేరిన కాంతితోనే అది బొమ్మను గీసికొనును. చీకటికి ఒకసారి అలవాటుపడిన పిమ్మట, గంటసేపు రెప్ప వాల్పక చూచినను అంతకుమించి కనిపింపదు. ఛాయాగ్రహణ ఫలకము అట్టిది కాదు. పొదుపరియైన గృహిణి పోపుల పెట్టెలో చిల్లర దాచినట్లు, అది తనపై బడిన ప్రతి కాంతి రేణువును దాచుకొనును. గంట గడచిన కొలది దాని నిధి పెరుగును. కంటికి శూన్యమని తోచిన చోట నక్షత్రములు, నక్షత్రముల నడుమ ధూళిమేఘములు పైకి వచ్చును.

మన పల్లెలలో పిల్లలకోడి అని పిలుచు కృత్తికలనే తీసికొందము. మామూలు చూపున్నవారికి అందు ఆరు చుక్కలు కనిపించును. ఇవి మనకు సుమారు 440 కాంతి సంవత్సరముల దూరమున, ఒకే కుటుంబముగా ప్రయాణము చేయుచున్న వందలాది నక్షత్రములలో మిక్కిలి ప్రకాశవంతమైనవి మాత్రమే. 1885 లో పారిస్ వేధశాలయందు హెన్రీ సోదరులు ఈ గుచ్ఛమును ఫలకముపై పట్టినప్పుడు, అందలి ఒక నక్షత్రమును చుట్టుకొనియున్న తెల్లని పొగ యొకటి బయటపడెను. అంతవరకు దానిని దూరదర్శినితో చూచి యెరిగినవారు లేరు. తన వెలుగు లేక, దాపున నున్న నక్షత్రముల వెలుగును ప్రతిఫలింపజేయు ధూళి యది.

ఇంతకుముందే, 1880 సెప్టెంబరు 30 వ తేదీ రాత్రి, న్యూయార్కు సమీపమున హెన్రీ డ్రేపరు అను వైద్యుడు 11 అంగుళముల దూరదర్శినితో 51 నిమిషములపాటు ఒక ఫలకమునకు వెలుగు చూపించి, మృగశిరకు దిగువన నున్న నీహారిక యొక్క మొట్టమొదటి ఛాయాచిత్రమును తీసెను. వరుసగా నిలిచిన మూడు చుక్కల క్రింద కత్తివలె వ్రేలాడు భాగమున మసకగా కనిపించునది అదియే. దాని దూరము సుమారు 1,300 కాంతి సంవత్సరములు. మూడేండ్లు తిరుగకముందే ఇంగ్లండులో కామను అను ఆయన 36 అంగుళముల దర్పణముతో అదే నీహారికను చిత్రించి, అదే దూరదర్శినిలో కన్ను పెట్టి చూచినను కనిపింపని నక్షత్రములు ఆ చిత్రమున ఉన్నట్లు చూపెను. ఆ దినమునుండి ఆకాశ పరిశోధనలో కంటి పెత్తనము తీరిపోయినదని చెప్పవచ్చును.

ఈ పనిలో కష్టమంతయు ఆకాశము నిలువకపోవుటయే. భూమి తిరుగుట చేత నక్షత్రములు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుచుండును. ఒక్క నిమిషములో పావు డిగ్రీ, అనగా పూర్ణచంద్రుని బింబములో సగము మేర. కదలని కెమెరాలో చుక్క చుక్కగా నిలువక గీత యగును. కావున దూరదర్శినిని భూమి యిరుసునకు సమాంతరమైన యిరుసుపై నిలిపి, గడియారపు యంత్రముతో భూమికి ఎదురుగా త్రిప్పుచుండవలెను. పూర్వము యంత్రమును నమ్మక, ప్రక్కన మరియొక దూరదర్శిని అమర్చి, అందలి సన్నని తీగల కూడలిపై ఒక నక్షత్రమును నిలిపి, అది తొలగినప్పుడెల్ల చేతితో సవరించుచు పరిశోధకుడు రాత్రంతయు కూర్చుండెడివాడు. చలికాలపు రాత్రులలో ఇది తపస్సే.

అట్టి తపస్సు మన హైదరాబాదులో కూడ జరిగినది. నవాబ్ జఫర్ జంగ్ అను ప్రభువు 1901 లో తన స్వంత వ్యయముతో ఫిసల్‌బండ యందు ఒక వేధశాలను నెలకొల్పి, దానికి నిజామియా అను పేరు పెట్టెను. 1907 లో ఆయన గతించిన పిమ్మట నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటలో నెలకొల్పినది. 1919 లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయపు పాలన క్రిందికి వచ్చినది. అందలి ముఖ్య సాధనము, ఇంగ్లండులోని యార్కు నగరమున కుక్ సంస్థవారు నిర్మించిన 8 అంగుళముల ఛాయాగ్రహణ దూరదర్శిని.

ఆ కాలమున ప్రపంచములోని వేధశాలలు కూడి ఒక మహాకార్యమును తలపెట్టియుండెను. 1887 లో పారిస్ నగరమున జరిగిన సభలో ఆకాశమునంతటిని పట్టీలుగా విభజించి, ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీని పంచి, ఛాయాచిత్రముల ద్వారా నక్షత్ర పటమును, నక్షత్రముల పట్టికను తయారు చేయవలెనని నిశ్చయించిరి. దక్షిణాకాశమున 17 వ డిగ్రీ మొదలు 23 వ డిగ్రీ వరకు గల పట్టీ మొదట చిలీ దేశపు శాంటియాగో వేధశాల వంతునకు వచ్చినది. అచ్చట ఆ పని సాగలేదు. దానిని హైదరాబాదు స్వీకరించినది. ఆక్స్‌ఫర్డు నుండి వచ్చిన పోకాకు, 1918 లో ఆయన మరణించిన తరువాత టి. పి. భాస్కరన్ ఈ కార్యమును నడిపిరి. 1914 మొదలు సుమారు 15 సంవత్సరముల కాలములో 1,260 ఫలకములతో ఆ పట్టీ పూర్తియైనది. అంతటితో ఆగక, జర్మనీలోని పోట్స్‌డాము వేధశాలకు చెందిన ఉత్తరాకాశపు 36 నుండి 39 డిగ్రీల పట్టీని కూడ హైదరాబాదువారే తలకెత్తుకొనిరి.

ఈ దక్షిణపు పట్టీ మన భాగ్యమునకు దొరికినదే యనవలెను. హైదరాబాదు భూమధ్యరేఖకు 17 డిగ్రీల పైచిలుకు ఉత్తరమున ఉన్నది. దక్షిణాకాశపు 20 వ డిగ్రీలోని నక్షత్రము మన నడినెత్తికి దక్షిణముగా, దిగ్రేఖ నుండి 52 డిగ్రీల ఎత్తున నిలుచును. అదే నక్షత్రము ఆక్స్‌ఫర్డు వారికి 18 డిగ్రీల ఎత్తు దాటదు. వారు దానిని నేలబారు మంచులోనుండి చూడవలసినదే. అందులోను ఈ పట్టీ ధనూరాశి వద్ద పాలపుంతను అడ్డముగా కోయుచున్నది. ధూమకేతువులను వెదకుచు, వానివలె మసకగా నుండి తనను మోసగించు వస్తువులన్నిటిని పదునెనిమిదవ శతాబ్దిలో జాబితా వ్రాసిన ఫ్రెంచి పండితుడు మెస్సియే పేరును శ్రోతలు వినియుందురు. ఆయన జాబితాలోని 21, 23, 25 సంఖ్యల గుచ్ఛములు, 24 వ సంఖ్య గల నక్షత్రముల మేఘము, జ్యేష్ఠకు చేరువనున్న 80 వ సంఖ్య గోళాకార గుచ్ఛము, లుబ్ధక నక్షత్రమునకు దిగువ నున్న 41 వ సంఖ్య గుచ్ఛము—ఇవి యన్నియు హైదరాబాదు పట్టీలోనివే.

కాని ప్రకృతి ఒక చేతితో ఇచ్చి మరియొక చేతితో తీసికొన్నది. ధనూరాశి నడిరేయి నడిమింటికి వచ్చునది ఆషాఢ మాసమున. అప్పుడు మనకు నైరుతి ఋతుపవనము. కావున ఈ దేశమున ఆ భాగమును చిత్రించువారు ఫాల్గుణ చైత్రములలో తెల్లవారుజామున గాని, వానలు వెనుకదీసిన పిమ్మట కార్తికములో ప్రొద్దుగ్రుంకిన వెంటనే గాని రెండు మూడు గంటలు దొరకించుకొనవలెను. ఏడాదిలో మంచి రాత్రులన్నియు లెక్కించి, అందు వెన్నెల రాత్రులను తీసివేసినచో మిగులునవి కొద్ది. ఆ 1,260 ఫలకములకు అన్ని సంవత్సరములు పట్టుటకు ఈ పంచాంగము కూడ ఒక కారణమై యుండును.

ఆ ఫలకముల తయారీలో ఒక చమత్కారమున్నది. ఒకే ఫలకముపై ఒకే ఆకాశ ఖండమును మూడుమారులు, కొంచెము కొంచెము జరిపి, వేర్వేరు కాలములపాటు చిత్రించుట ఈ ప్రణాళికలోని పద్ధతి. అప్పుడు ప్రతి నక్షత్రము మూడు బిందువులుగా పడును. ఒంటరి బిందువు కనిపించినచో అది నక్షత్రము కాదు, గాజుపై మరక యని వెంటనే తెలియును. దానిపై 5 మిల్లీమీటర్లకొక గీత చొప్పున గళ్ళను కూడ ముద్రించెడివారు. సూక్ష్మదర్శినితో ఆ గళ్ళలో ప్రతి నక్షత్రపు స్థానమును కొలిచి, అంకెలుగా మార్చి, సంపుటములుగా అచ్చువేసినారు. అంకెలతో నిండిన ఆ సంపుటములను చదువువారు లేక, అవి చాలకాలము గ్రంథాలయములలో దుమ్ము తినినవి. ఇంత శ్రమ దేనికని వెక్కిరించినవారును లేకపోలేదు.

దేనికో కొన్ని దశాబ్దముల తరువాత తెలిసినది. 1989 లో యూరపు దేశములవారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును పంపి నక్షత్రముల స్థానములను అపూర్వమైన సూక్ష్మతతో కొలిచిరి. స్థానము తెలిసినది గాని చలనము తెలియుటకు పాత స్థానము కావలెను గదా! నిన్న ఎక్కడ ఉండినదో తెలియనిదే నేడు ఎటు పోవుచున్నదో చెప్పలేము. అప్పుడు పండితులు ఆ పాత సంపుటముల దుమ్ము దులిపి, హైదరాబాదు పట్టీతో సహా అన్ని పట్టీల అంకెలను గణనయంత్రములకు ఎక్కించి, 2000 సంవత్సరములో టైకో రెండవ పట్టికను ప్రకటించిరి. అందు 25 లక్షల నక్షత్రముల చలనములున్నవి. గుచ్ఛముల విషయములో ఈ చలనమే ప్రాణము. ఒక గుంపులో కనిపించు వంద చుక్కలలో నిజముగా ఆ కుటుంబమునకు చెందినవి యేవి, దారిని పోవుచు అడ్డము నిలిచినవి యేవి అని తేల్చునది అదియే. కలసి నడచునవి బంధువులు, తక్కినవి బాటసారులు. బేగంపేటలో 1920 ప్రాంతమున ఒక మంచి రాత్రి పట్టిన ఫలకమును మరల పట్టుట ఎవరి తరమును కాదు.

అట్టి రాత్రులు బేగంపేటలో మరల రానేలేదు. నగరము పెరిగి వేధశాలను చుట్టుముట్టినది. 1930 దాటిన దశకములో దాని చెంతనే విమానాశ్రయము వెలసినది. ఉస్మానియావారు 48 అంగుళముల పెద్ద దూరదర్శినిని తెప్పింప దలచినప్పుడు దానిని నగరమున నిలుపుట వ్యర్థమని గ్రహించి, నగరమునకు ఆగ్నేయముగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున, జాపాల, రంగాపురము గ్రామముల నడుమ గుట్టపై స్థలము చూచిరి. 1968 లో దూరదర్శిని అచ్చట నిలిచినది. ఆచార్య అభ్యంకర్ కాలమున ఒకదానినొకటి మరుగుపరచుకొను జంట నక్షత్రములపై అచ్చట ఎంతో పని జరిగినది. 1980 ఫిబ్రవరి 16 వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆ గుట్టమీదుగానే పోయినది.

నిజామియా వేధశాలలో సహాయకుడుగా నుండిన ఒకరి కుమారుడు బేగంపేట ఆకాశము క్రిందనే పెరిగి, నిజాము కళాశాలలో చదివి, 1949 లో అమెరికాలో నున్నప్పుడు ఒక ధూమకేతువును కనుగొనెను. ఆయనయే వేణు బప్పు. 1960 లో కొడైకెనాలు వేధశాలకు అధిపతియైన పిమ్మట ఆయన తలపెట్టిన పనులలో ముఖ్యమైనది చీకటి కొండను వెదకుట. తమిళనాడులోని జవ్వాది కొండలలో, 725 మీటర్ల ఎత్తున కావలూరు అడవి ఆయనకు నచ్చినది. 1968 లో అచ్చట 38 సెంటీమీటర్ల దూరదర్శినితో పని ప్రారంభమైనది. 1986 లో నెలకొన్న 2.3 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరే పెట్టిరి. అప్పటికి ఆయన లేడు. 1982 లోనే గతించెను. దర్పణము ఎంత పెద్దదైనను చీకటి లేనిచోట గ్రుడ్డిదేనని, బాల్యమున నగరపు వేధశాలను చూచిన ఆయనకు వేరుగా చెప్పవలసిన పని లేకపోయెను.

ఇక మావంటి ఔత్సాహికుల సంగతి. నగరమునకు దక్షిణముగా, శంషాబాదునకు తూర్పుగా రావిర్యాల యున్నది. గుండ్రాళ్ళ గుట్టలు, ఒక చెరువు, పొలములు గల ఈ గ్రామము ఒకనాడు నక్షత్రములు చూచువారికి అనువైన చోటు. 2008 మార్చిలో బేగంపేట విమానాశ్రయము శంషాబాదునకు తరలివచ్చినది. వెలుగునుండి తప్పించుకొని దూరదర్శిని దక్షిణమునకు పోగా, నలువదేండ్ల తరువాత విమానములు కూడ అదే దిక్కున బయలుదేరి వచ్చినవన్నమాట. వాని వెంట ఔటర్ రింగు రోడ్డు, కర్మాగారములు, విహారస్థలములు వచ్చినవి. జీవనోపాధి తెచ్చిన వెలుగులను నిందించుట మా ఉద్దేశము కాదు. ఆకాశమునకు ఏమి జరిగినదో మాత్రము చెప్పవలసియున్నది.

రావిర్యాలలో కెమెరాను నిలిపి ధ్రువ నక్షత్రమునకు గురిచూడవలెనన్నచో అది ఉత్తరమున 17 డిగ్రీల ఎత్తున, సరిగా నగరపు కాంతి గోపురము మీద కూర్చున్నట్లు కనిపించును. పడమట విమానాశ్రయపు తెల్లదనము. దక్షిణము మాత్రము కొంత మిగిలియున్నది. అచ్చట మేము లుబ్ధకము దిగువ నున్న 41 వ గుచ్ఛమును అరగంట పట్టినచో నక్షత్రములు విడివిడిగా, రంగులతో సహా చక్కగా వచ్చుచున్నవి. అదే అరగంట కృత్తికలను పట్టినచో నక్షత్రములు వచ్చుచున్నవి గాని, హెన్రీ సోదరులు చూచిన పొగ రాదు. దీనికి కారణము సులభము. నక్షత్రపు వెలుగు ఒక్క బిందువున కేంద్రీకృతమై ఆకాశపు తెల్లదనమును గెలువగలదు. నీహారిక వెలుగు విశాలముగా పరచుకొన్నది. దాని ప్రతి బిందువు ఆకాశపు వెలుగుతో పోరాడవలెను. మచ్చలేని చీకటి ఆకాశముకంటె నగరపు ఆకాశము 40 రెట్లు ప్రకాశవంతముగా ఉండుట సామాన్యము. అట్టిచోట, కొండపై ఒక గంటలో దొరకు పలుచని నీహారికను అంతే స్పష్టతతో పట్టుటకు 40 గంటలు కావలెను. అనగా దాదాపు ఒక ఋతువంతయు!

అందుచేత మేము రావిర్యాల దాపున తుక్కుగూడ మీదుగా పోవు శ్రీశైలము త్రోవ పట్టి, నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమికి ఎక్కుచుందుము. పులుల అభయారణ్యమగుటచే రాత్రి 9 గంటలకు అడవి త్రోవ మూయుదురు. అంతకు ముందే చేరి, అనుమతిగల బసలో ఉండవలెను. పులి కాపున్న చీకటి కనుక అది ఇంకను చెక్కుచెదరలేదు. ఆ ఎత్తున ధూళి తక్కువ. ప్రొద్దుగ్రుంకిన గంటకు, పగటి ఎండకు కాగిన బండలు చల్లారిన పిమ్మట, గాలి నిలుకడ పొందును. చేతిదీపమునకు ఎర్రగుడ్డ కట్టుకొందుము. ఎర్రని వెలుగు కంటి అలవాటును చెరుపదు. ఒక ప్రకాశవంతమైన చుక్కపై కటకమును సూది మొనవలె సరిచేసి, ధ్రువమునకు యిరుసును త్రిప్పి, ఆపైన చిత్రములు తీయుటకు ఉపక్రమింతుము.

ఇప్పుడు గాజు ఫలకములు లేవు. వాని స్థానమున సిలికాను పలకలు వచ్చినవి. రెండు గంటలు ఏకబిగిని తీయుటకు మారుగా రెండేసి నిమిషముల చిత్రములు 60 తీసి, వానిని ఒకదానిపై నొకటి గణనయంత్రములో పేర్చుట నేటి పద్ధతి. నీహారిక వెలుగు 60 రెట్లగును. గందరగోళము మాత్రము 8 రెట్లు కూడ కాదు. విమానపు గీత పడిన చిత్రమొకటి రెండున్నచో తొలగింపవచ్చును. కటకమునకు మూత పెట్టి కూడ కొన్ని చిత్రములు తీయవలెను. అవి పలకలోని వేడిచేత పుట్టు దొంగచుక్కలను చూపును. వానిని అసలు చిత్రమునుండి తీసివేయవచ్చును. తెల్లవారుజామున కటకముపై మంచు పట్టకుండ చూచుకొనుట పెద్ద పని.

నగరమునుండియే నీహారికలను పట్టుటకు ఉపాయము లేదాయని కొందరడుగుదురు. సగము ఉన్నది. మృగశిర నీహారికవంటివి స్వయముగా వెలుగు వాయువులు. అందలి హైడ్రోజను ముఖ్యముగా 656 నానోమీటర్ల ఎరుపులో ప్రకాశించును. ఆ ఒక్క రంగును మాత్రమే పోనిచ్చు జల్లెడవంటి గాజును కటకమునకు తగిలించినచో వీధిదీపముల వెలుగు చాలవరకు ఆగిపోవును. కృత్తికల పొగ అట్లు చిక్కదు. అది నక్షత్రకాంతిని తిరిగి పంపు ధూళి. దానిలో అన్ని రంగులు కలవు. పూర్వపు పసుపుపచ్చని సోడియం దీపములు వర్ణమాలలో కొన్నిచోట్ల మాత్రమే కాంతిని చిమ్మెడివి. నేటి తెల్లని ఎల్‌ఇడి దీపములు అన్ని రంగులను నింపుచున్నవి. కరెంటు పొదుపగుట నిజమే. ఆకాశమునకు మాత్రము నష్టము హెచ్చినది.

ఇది తప్పనిసరి నష్టము కాదు. దీపమునకు పైన టోపీ పెట్టి వెలుగంతయు నేలకే పడునట్లు చేయుట, తెల్లని దీపమునకు బదులు పసుపువన్నె దీపము వాడుట, నడిరేయి దాటిన పిమ్మట ప్రకటన దీపములను ఆర్పుట—ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. లడఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున, మన 2 మీటర్ల హిమాలయ చంద్ర దూరదర్శిని యున్న హాన్లే ప్రాంతమును 2022 డిసెంబరులో చీకటి ఆకాశపు రక్షిత ప్రదేశముగా ప్రకటించిరి. అచ్చటి గ్రామస్థులు కిటికీలకు తెరలు, దీపములకు టోపీలు పెట్టుకొని, యాత్రికులకు నక్షత్రములు చూపి జీవనము కూడ సంపాదించుచున్నారు. చీకటి అమ్ముడుపోవు వస్తువని వారికి తెలిసినది. జాపాల, రంగాపురముల చుట్టును, అమ్రాబాదు అంచున నున్న ఊళ్ళలోను ఇట్టి ప్రయత్నము జరిగినచో మరియొక తరము వరకు ఆ గుట్టలు పనికివచ్చును. రావిర్యాలలో సయితము దక్షిణపు దిక్కు ఇంకను పూర్తిగా చేజారలేదు.

ఆ వైపు వచ్చు శ్రోతలకు ఒక మాట. మాఘమాసపు బహుళ పక్షములో, రాత్రి 9 గంటల వేళ, వీధిదీపము కంట బడని గట్టున నిలిచి దక్షిణమునకు చూచినచో మిక్కిలి ప్రకాశించు నక్షత్రము లుబ్ధకము. దానికి తిన్నగా దిగువన, నాలుగు డిగ్రీల మేర, అనగా చాచిన చేతి రెండు వ్రేళ్ళ వెడల్పునకు కొంచెము అధికముగా దిగినచో, సామాన్యమైన బైనాక్యులర్లలో చిందిన ఉప్పువలె కొన్ని చుక్కలు కనిపించును. మెస్సియే జాబితాలోని 41 వ గుచ్ఛమదియే. దూరము సుమారు 2,300 కాంతి సంవత్సరములు. కెమెరా గలవారు యిరుసు యంత్రము లేకున్నను, 50 మిల్లీమీటర్ల కటకముతో అయిదారు సెకండుల చిత్రములు ఇరువది తీసి పేర్చినచో అది చిత్రమున పడును.